పద్దెనిమిది గురువారాలు

ఆ మిషన్ చెప్పేదాని ప్రకారం కోమలి ప్రతి గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు వడమాలపేట ల్యాబుకు వచ్చింది. వచ్చి మిషన్ కడిగి వెళ్లింది. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు. వరుసగా పద్దెనిమిది గురువారాలు.

కోమలి మాత్రం నాలుగున్నర నెలలుగా ఆ ఊరి వైపే రాలేదు.

స్క్రీన్ మూసి మళ్లీ తెరిచింది. మళ్లీ అదే. ఆపరేటర్: కోమలి. పని: వాష్. సమయం: మూడు గంటల రెండు నిమిషాలు. ఆగస్టులో ఒక గురువారం ఆమె జ్వరంతో ఇంట్లో దుప్పటి కప్పుకొని పడుకుంది. ఆ రోజు కూడా ఇక్కడికి వచ్చి మిషన్ కడిగిందట!

కోమలి తిరుపతిలో సర్వీస్ ఇంజనీరు. నీళ్లను పరీక్షించే మిషన్లు అమ్మే కంపెనీలో ఉద్యోగం. ఊళ్ల నుంచి తెచ్చిన నీళ్లను చిన్న కప్పుల్లో పోసి పెడితే, సూదిలాంటి గొట్టం ఒక్కో కప్పులో మునిగి పీల్చుకుంటుంది. ఇందులో ఉప్పు ఎంత, ఫ్లోరైడ్ ఎంత అని మనిషి చెయ్యి పడకుండా అదే చెబుతుంది. ఈ ల్యాబులో దాన్ని పెట్టిన రోజు రిబ్బను కత్తిరించారు, ఫోటోలు దిగారు. ఆ తర్వాత ఊళ్లు తిరిగి నీళ్లు తెచ్చే జీపు చెడిపోయింది. జీపును బాగు చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మిషన్‌ను స్టోరులో పడేయాలన్న ఆలోచన మాత్రం పై ఆఫీసుకు చప్పున వచ్చింది. మన దగ్గర ఆలోచనలు ఆ వరుసలోనే వస్తాయి.

"పనికిరాదు అని ఒక రిపోర్టు రాసివ్వమ్మా, తీసేస్తాం" అన్నారు. అందుకే కోమలి వచ్చింది.

పని లేకుండా పడి ఉన్న మిషన్ ఎట్లా చస్తుందో ఆమెకు తెలుసు. గొట్టాల్లో పరీక్ష మందు ఎండి ఉప్పు కడుతుంది. పంపు రోలర్ల కింద నొక్కుకుపోయిన రబ్బరు ట్యూబు ఒకే చోట చపాతీలా అణిగిపోతుంది. పీహెచ్ చూసే గాజు ఎలక్ట్రోడు నోరెండిపోయి మళ్లీ మాట్లాడదు. ఇదంతా చూడబోతున్నానని మనసు గట్టి చేసుకొని మూత తీసింది.

లోపల అంతా కడిగిన గ్లాసులా ఉంది. ట్యూబులను నొక్కిపట్టే పంపు క్లాంపు వదులు చేసి ఉంది. ట్యూబులు గుండ్రంగా ఉన్నాయి. ఎలక్ట్రోడు దాని ద్రావణంలో హాయిగా మునిగి ఉంది. మందులు ఫ్రిజ్‌లో, ఒక్కో సీసాకు తేదీ రాసి.

"దీన్ని ఎవురు కడిగినారు?" అని గట్టిగానే అడిగింది.

గదిలో ఇంకెవరూ లేరు, వాకిలి దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ తప్ప. ఖాకీ చొక్కా, నల్లగా సన్నగా, పాతికేళ్లు దాటి ఉంటాయి. చొక్కా జేబు మీద దయానంద్ అని పేరు.

"మీరే కదా మేడం" అన్నాడు.

"ఏందీ?"

"దాంట్లో మీ పేరే కదా ఉండేది."

కోమలి లేచి నిలబడింది. దయానంద్ కూడా లేచాడు.

"కోపం వస్తే ఫ్యాను వేస్తా మేడం. ఇంకా ఎక్కువొస్తే టీ తెస్తా."

"నా పాస్‌వర్డ్ నీకెట్ల తెలిసింది?"

అతను వచ్చి కీబోర్డు తిరగేశాడు. అడుగున తెల్ల టేపు ముక్క. దాని మీద స్కెచ్ పెన్నుతో ఆమె పేరు, పాస్‌వర్డ్. రాత ఎవరిదో అడగాల్సిన పని లేదు. మిషన్ పెట్టిన రోజు తొందరలో తనే అతికించి మరిచిపోయింది.

"ముందు ఆపరేటర్ నవీన మేడం ఉన్నింది కదా, ఆమె బెంగుళూరు పోయినాక ఆమె పేరు తీసేసినారు. పేరు చెప్పనిదే ఇది లేవదు. నా పేరు కొట్టినా. పో అనింది. మీ పేరు కొట్టినా. రా అనింది."

"అది తప్పని తెల్దా?"

"తెలుసు మేడం. కడక్కపోతే సచ్చిపోతుందని కూడా తెలుసు. రెండు తప్పుల్లో చిన్నది పట్టుకున్నా."

"వాచ్‌మన్‌వి నీకెట్ల తెలుసు?"

"బీఎస్సీ కెమిస్ట్రీ మేడం. ఈడ వాచ్‌మన్ పోస్టు ఒక్కటే ఖాళీగా ఉన్నింది." అతను చిన్నబోలేదు, గొప్పకూ పోలేదు. బస్సు ఎన్ని గంటలకని చెప్పినట్టు చెప్పాడు. "మిషన్‌తో వచ్చిన పుస్తకం ఆ బీరువాలో ఉన్నింది. పని లేని రోజుల్లో ఏం చెయ్యాలని ఒక పాఠం ఉండాది దాంట్లో. నాకూ పని లేదు, దానికీ పని లేదు. సరిపోయింది."

"గురువారమే ఎందుకు?"

"మా ఆఫీసర్ మునిశేఖర్ సారు గురువారం మీటింగుకు పోతాడు."

కోమలికి నవ్వొచ్చింది. దాన్ని మింగి మళ్లీ స్క్రీన్ వైపు తిరిగింది. తిట్టడానికి ఇంకేమైనా దొరుకుతుందేమోనని కిందికి జరిపింది. దొరికింది.

"సరే, కడిగినావు. ఇదేంది? అక్టోబరు రెండో గురువారం, పీహెచ్ రెండు పాయింట్ నాలుగు! ఏ ఫ్యాక్టరీ నీళ్లు ఇవి? ఇవి తాగితే మనిషి ఉంటాడా?"

"తాగినా మేడం. బాగానే ఉండా. గూడూరు నిమ్మకాయ అది."

"నిమ్మకాయా!"

"ఏం చెప్తాదో సూద్దామని."

"పిప్పి ఇరుక్కుంటే సూది ఏం కాను?"

"మూడు సార్లు వడకట్టినా. మా అమ్మ పైట అంచు కూడా వాడినా." అని, ఆమె ముఖం చూసి, "ఉతికినాకనే" అన్నాడు.

ఆ పై వారం కొబ్బరి నీళ్లు. ఇంకో వారం మజ్జిగ తేట. ఒక వారం ఎదురుగా 'వాన' అని ఉంది.

"వానలో ఏముంటుందని?"

"ఏమీ ఉండదని పుస్తకంలో ఉండాది. నిజంగానే ఏమీ లేదా అని డాబా మీద గిన్నె పెట్టి పట్టినా."

"ఉన్నిందా?"

"రవ్వంత ఉన్నింది మేడం. దుమ్ము. పుస్తకం రాసినోడు మా పుత్తూరు రోడ్డు సూడలేదు."

ఈసారి నవ్వు ఆగలేదు. అయితే ఆ ఆటల మధ్య ప్రతి వారమూ తప్పకుండా ఒకటే పేరు కనిపిస్తోంది. 'మా వీధి బోరు.' జూన్‌లో ఫ్లోరైడ్ ఒకటి పాయింట్ రెండు. ఆగస్టులో ఒకటి పాయింట్ నాలుగు. అక్టోబరు చివరికి ఒకటి పాయింట్ ఎనిమిది. ఒకటిన్నర దాటితే తాగకూడదు. కోమలి నవ్వు ఆగిపోయింది.

"ఇది ఎవురికన్నా చెప్పినావా?"

"ఏమని చెప్పేది? వాచ్‌మన్ చెప్పినాడంటే నీళ్లు మారతాయా?" అని మిషన్ వైపు తిరిగాడు. "మేడం, ఒకటి అడగొచ్చా? ఆ గాజు ఎలక్ట్రోడును డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టొద్దు అని ఉండాది. అంత శుద్ధమైన నీళ్లలో పెడితే అది బాగుండాల కదా. చెడిపోవడమేంది?"

కోమలి అతని వైపు చూసింది. ఈ ఉద్యోగంలో చేరి మూడేళ్లు. ఎన్ని ల్యాబులు తిరిగిందో. ఎప్పుడు అయిపోతుంది అని అడిగేవాళ్లు, ఏం తాగుతారు అని అడిగేవాళ్లు, పెళ్లయిందా అని అడిగేవాళ్లు. 'ఎందుకు' అని అడిగిన మనిషి ఇతనే.

"దాంట్లో లోపల ఉప్పు నీళ్లుంటాయి" అని స్టూలు లాక్కొని కూర్చుంది. "బయట ఉత్త నీళ్లు పెడితే లోపలి ఉప్పంతా బయటికి కారిపోతుంది. అందుకే బయట కూడా ఉప్పు ఉండే ద్రావణంలోనే పెట్టాల."

"అంటే దానికి తోడు కావాల."

"అట్లా అని పుస్తకంలో లేదు."

"పుస్తకం రాసినోడికి అన్నీ తెలీవని ఇందాకే అనుకున్నాం కదా."

తల వంచుకొని బ్యాగులో ఏదో వెతికింది. బ్యాగులో వెతకాల్సినదేమీ లేదు.

నాలుగు గంటలకు మునిశేఖర్ వచ్చాడు. కూర్చోకుండానే చెయ్యి చాపాడు.

"రిపోర్టు అయిందామ్మా? పనికిరాదు అని ఒక్క ముక్క చాలు. సోమవారం లారీ వస్తుంది."

"మిషన్ బాగుంది సార్."

"బాగుందా?" ఆయనకు ఆ మాట ఇబ్బందిగా తోచింది. "బాగుందంటే మళ్లీ జీపు సంగతి నా నెత్తికి చుట్టుకుంటుంది. నాలుగు నెలలు ఎవురూ ముట్టుకోలేదు, ఎట్ల బాగుంటుంది? ఎవురు నడిపినారు?"

కోమలికి దారి కళ్ల ముందే ఉంది. మిషన్‌లో ఉన్నది తన పేరే. 'నేనే సార్, వారం వారం వచ్చి వెళ్లాను' అంటే సరి. ఇతని ఉద్యోగం నిలుస్తుంది, తన టేపు ముక్క సంగతీ బయటికి రాదు. నోరు తెరిచింది.

"నేను సార్" అన్నాడు దయానంద్.

మునిశేఖర్ ముఖం ఎర్రబడింది. "గేటు కాయమంటే లక్షల మిషన్ మీద చెయ్యేస్తావా? నువ్వు ఎవురు? నీ పని ఏంది? రేపట్నుంచి రావద్దు. పో!"

ఆయన ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్లాక కోమలి అతని మీద విరుచుకుపడింది.

"నేను చెప్పబోతా ఉన్నా కదా! నీకేం తొందర?"

"మీరు అబద్ధం చెప్పబోతా ఉన్నారు మేడం. నిజం చెప్పాలనే కదా దీన్ని ఇన్నాళ్లు కడిగింది. దీని పక్కన నిలబడి మనమే అబద్ధం చెప్తే ఎట్ల?"

స్టూలు కింద ఉన్న టిఫిన్ క్యారియర్ తీసుకొని వెళ్లిపోయాడు. బయట వాన మొదలైంది. గొడుగు లేదు. నడిచే పోయాడు.

కోమలి రిపోర్టు ఆ కుర్చీలోనే రాసింది. మిషన్ బాగా పనిచేస్తోందని, దాన్ని బతికించింది దయానంద్ అనే వాచ్‌మన్ అని, పాస్‌వర్డ్ టేపు అతికించిన తప్పు తనదని. వీధి బోరు అంకెలన్నీ వెనక జత చేసింది. ఒక కాపీ మునిశేఖర్ బల్ల మీద పెట్టింది. ఇంకొకటి వెళ్తూ వెళ్తూ వడమాలపేటలో దయానంద్ ఇల్లు అడిగి కనుక్కొని అతని చేతికిచ్చింది.

"ఇది నా దగ్గరెందుకు మేడం?"

"నీకిప్పుడు తీరిక ఉంది కదా. చదువుకో."

కంపెనీ ఆమెను ఊరికే వదల్లేదు. చెన్నై నుంచి బాసు అరగంట తిట్టాడు. మీ పేరు మీద జరిగింది కాబట్టి సంగతి తేలేదాకా వారం వారం మీరే పోయి ఆ మిషన్‌ను చూసుకోండి అన్నాడు. ఇంత మంచి శిక్ష వేసినందుకు కోమలి ఆయనకు లోపల్లోపల దండం పెట్టింది.

మొదటి గురువారం పంపు దగ్గర వంగి ఉండగా కిటికీ చువ్వల అవతల నుంచి గొంతు వినిపించింది.

"క్లాంపు మేడం! కడిగినాక క్లాంపు వదులు చెయ్యాల."

అవతల గొడుగు కింద దయానంద్. వాన గొడుగు మీద టపటపా కొడుతోంది.

"నాకు నేర్పుతా ఉండావా? నేను ఇంజనీర్ని."

"ఇంజనీర్లే మేడం టేపులు అతికించేది."

"లోపలికి రావద్దనినారు కదా నిన్ను."

"వచ్చినానా? నేను ఉండేది రోడ్డు మీద. రోడ్డు మునిశేఖర్ సారుది కాదు."

రెండో గురువారం అతను వేరుశెనక్కాయలు ఉడకబెట్టించి తెచ్చాడు. చువ్వల మధ్య నుంచి ఒక్కో గుప్పెడు అందించాడు. మందులు ముట్టిన చేత్తో తినొద్దని కసిరి, ఆమె కడుక్కొచ్చేదాకా గుప్పిట విప్పలేదు. మూడో గురువారం అతను ఆలస్యంగా వచ్చాడు. మూడు నుంచి మూడుంపావు దాకా కోమలి ఏడు సార్లు కిటికీ వైపు చూసింది. మిషన్ ఎప్పుడో కడగడం ముగించి ఊరుకుంది.

"ఏమైపోయినావు?" అంది, అతను కనబడగానే. గొంతు తను అనుకున్నదానికంటే ఎక్కువ పలికింది.

"ఆడోళ్లు వదల్లేదు మేడం."

"ఏ ఆడోళ్లు?"

"మా వీధి ఆడోళ్లు." అతను నవ్వాడు. "మీరు అసూయ పడితే మొగం ఇట్లుంటుందా?"

"ఎవురు పడినారు? చెప్పు ముందు."

సంగతి ఏమిటంటే, ఆ రిపోర్టు కాగితాన్ని దయానంద్ పాల సెంటరు గోడకు అంటించాడు. పొద్దున పాలు పోయడానికి వచ్చిన ప్రతి మనిషికీ చదివి చెప్పాడు. ఒకటిన్నర అంటే ఏమిటి, ఒకటి పాయింట్ ఎనిమిది అంటే ఏమిటి, పిల్లల పళ్లకు ఆ గారలు ఎందుకు వస్తాయి అని. వాచ్‌మన్ చెబితే నీళ్లు మారతాయా అన్నవాడే పది రోజులు నోరు నొప్పెట్టేదాకా చెప్పాడు. ఆ పొద్దున నలభై మంది ఆడవాళ్లు బిందెలు పట్టుకొని పై ఆఫీసు ముందు కూర్చున్నారు. పెద్ద ఆఫీసర్ను బయటికి పిలిచి, ఒక గ్లాసు నీళ్లు పోసి తాగమన్నారు. ఆయన తాగలేదు. తాగి ఉంటే వేరే కథ అయ్యేది. తాగలేదు కాబట్టి జీపు రెండు రోజుల్లో బాగైపోయింది. నాలుగు నెలలు ఎవరికీ రాని ఆలోచన రెండు రోజుల్లో ఎట్లా వచ్చిందని ఎవరూ అడగలేదు. నేను అడుగుతున్నాను.

నీళ్లు తెస్తే చూసే మనిషి కావాలి కదా. మిషన్ తెలిసిన మనిషి మండలం మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆపరేటర్‌గా దయానంద్‌కు ఆర్డరు వచ్చింది, ఆర్నెల్లకు. మిగతా సంగతి తర్వాత చూస్తామన్నారు. మునిశేఖర్ ఆ కాగితం ఇస్తూ, "నేను మొదట్నుంచీ అంటానే ఉన్నా, ఈ పిల్లోడు చురుకైనోడని" అన్నాడు.

కోమలి శిక్ష అక్కడితో ముగిసింది. ఇక వారం వారం రావాల్సిన పని లేదు.

ఆ చివరి గురువారం అతనికి సొంత పేరు, సొంత పాస్‌వర్డ్ పెట్టించి, బ్యాగు సర్దుకుంది. సర్దిన వస్తువునే మళ్లీ తీసి సర్దింది.

"ఇంక మీరు రారు కదా మేడం."

"మిషన్ చెడిపోతే వస్తా."

"నేను చెడిపోనీను కదా."

తన పని తను బాగా చేస్తే ఆమె రాదు. చేయకపోతే వస్తుంది. దయానంద్ చిక్కు అది.

"చెడగొట్టమంటారా?" అన్నాడు చివరికి.

"చెడగొడితే మళ్లీ నీ మొగం సూడను" అంది కోమలి. "మిషన్ లేకుండా పిల్చేదానికి నీకు నోరు లేదా? అన్నీ అడుగుతావు. ఉప్పు ఎందుకు, గాజు ఎందుకు, వానలో ఏముంది అని. అడగాల్సింది ఒక్కటి అడగవు."

అతను కీబోర్డు మీద నుంచి చెయ్యి తీశాడు.

"కోమలీ" అన్నాడు. మేడం ఎటు పోయిందో ఇద్దరూ వెతకలేదు. "నన్ను చేసుకుంటావా?"

"మా నాయన్ను అడిగి చెప్తా" అంది. వాకిలి దాటాక వెనక్కి తిరిగి, "నా మాట అయితే అవును" అని చెప్పి, స్కూటీ వానలోనే తీసేసింది.

వాళ్ల నాయన శాంతయ్య ముప్పై ఏళ్లు బోరు లారీల మీద పనిచేసినవాడు. ఏర్పేడు దగ్గర వాళ్ల ఇంటి ముందున్న బోరు ఆయన స్వయంగా వేసుకున్నది. ఇంటికి ఎవరొచ్చినా కుర్చీ కంటే ముందు ఆ నీళ్లు చేతికొస్తాయి. ఎట్లా ఉన్నాయి అని అడిగి, తియ్యగా ఉన్నాయి అనిపించుకొనిగానీ ఆయన వేరే మాటలోకి పోడు.

కోమలి చెప్పినదంతా విని ఆయన బోరు దగ్గరికి పోయి ఒక గ్లాసు నీళ్లు తాగి వచ్చాడు. తర్వాత, "నేను సూస్తా వానిని. నువ్వు మాత్రం నోరు తెరవాకు" అన్నాడు. ఒక సీసాలో తన బోరు నీళ్లు పట్టుకొని, కూతుర్ని వెంటబెట్టుకొని బయల్దేరాడు.

ల్యాబులోకి వచ్చి, నమూనా తెచ్చిన రైతులా బల్ల మీద సీసా పెట్టాడు. "ఏమప్పా, ఈ నీళ్లు సూసి చెప్తావంట కదా."

"కూర్చోండి పెద్దాయనా" అన్నాడు దయానంద్. ఎవరో ఏమిటో తెలియదు. వాకిలి బయట నిలబడి కోమలి చేతులు ఊపింది, కళ్లు తిప్పింది, మా నాయన అని పెదవులతో చెప్పింది. దయానంద్ కప్పులు పెట్టడంలో మునిగిపోయాడు. పని మీద ఉంటే ఆ మనిషికి పక్కన పిడుగు పడినా తెలియదు.

సూది మునిగింది, లేచింది. శాంతయ్య ఆ సూది వంకే కన్నార్పకుండా చూశాడు. ముప్పై ఏళ్లు భూమిలోకి గొట్టాలు దించిన మనిషికి ఈ వెంట్రుక లాంటి గొట్టం వింతగా ఉంది. అది ఎందుకు, ఇది ఎందుకు అని అడగడం మొదలుపెట్టాడు. దయానంద్ అన్నిటికీ చెప్పాడు. తెలియనిదానికి తెలియదన్నాడు.

అంకె వచ్చింది. దయానంద్ ఒకసారి చూసి, కప్పు మార్చి మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే.

"పెద్దాయనా, ఈ నీళ్లు తాగొద్దు. రెండు పాయింట్ ఒకటి ఉండాది. మీకు మోకాళ్లు నొప్పులుంటాయా?"

శాంతయ్య చెయ్యి దానంతటదే మోకాలి మీదికి పోయింది. "ఇవి తియ్యటి నీళ్లప్పా. ఊరంతా తాగి మెచ్చుకున్న నీళ్లు."

"తియ్యగానే ఉంటాయి. ఇది నాలుక్కు తెలిసేది కాదు. స్నానానికి వాడుకోండి, బట్టలకు వాడుకోండి. తాగేదానికి, వంటకు మాత్రం వొద్దు."

"ఆ బోరు నేను నా చేత్తో వేసినది."

"బోరు తప్పేం లేదు. కింద రాయి అట్లాంటిది."

అప్పుడు తలెత్తాడు దయానంద్. వాకిలి దగ్గర కోమలి రెండు చేతుల్తో ముఖం కప్పుకొని ఉంది. అతను ఆమెను చూశాడు, పెద్దాయన్ను చూశాడు. ఇద్దరి ముక్కూ ఒకటే.

"నాయన?" అన్నాడు సన్నగా, ఆమె వైపు చూసి.

కోమలి తలాడించింది.

శాంతయ్య లేచాడు. సీసా తీసుకొని, నీళ్లను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఇప్పుడైనా మాట మారుస్తావా?" అన్నాడు.

దయానంద్ చేతిలోని కప్పు బల్ల మీద పెట్టాడు. "అంకె మారదు సార్" అన్నాడు.

శాంతయ్య బయటికి నడిచి, ఆ సీసా నీళ్లు మెట్ల పక్కనున్న మట్టిలో వంపేశాడు. ఖాళీ సీసా కూతురి చేతికిచ్చాడు. మెట్టు మీద నుంచే వెనక్కి తిరిగాడు.

"పిల్లనడిగేటోడు మామ ఇంటి నీళ్లు తాగొద్దంటాడా యాడన్నా? భయం లేదు ఈనికి" అని కోమలితో అని, దయానంద్ వైపు వేలు చూపించాడు. "వచ్చే ఆదివారం మీ అమ్మను పిల్చుకొని మా ఇంటికి రా. అన్నం మేం పెడతాం. నీళ్లు మాత్రం మీరే తెచ్చుకోండి."